రెండు పాయింట్ పదిహేను

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ మూడో అంతస్తులో తొమ్మిదేళ్లు అంకగణితం చెప్పాను. పోలీసు ఉద్యోగాలకు, గ్రూప్ పరీక్షలకు చదివేవాళ్లు నా విద్యార్థులు. బాగా చెబుతాడని పేరుండేది. నోరు మంచిది కాదని అంతకంటే పెద్ద పేరుండేది. ఆ రెండో పేరుకు గర్వపడేవాణ్ణి. తప్పు చెప్పిన మనిషిని నిలబెట్టి నాలుగు మాటలంటే మిగతా నూటయాభై మంది నవ్వేవారు. నవ్వితే నిద్రపోరు, నిద్రపోకపోతే పాఠం బుర్రకెక్కుతుంది అని నాకు నేనే సర్దిచెప్పుకునేవాణ్ణి.

ఆ రోజు పాఠం దశాంశాల్లో స్థాన విలువ. బోర్డు మీద 2.8, 2.15 రాసి ఏది పెద్దదని అడిగాను. ఏటా అడిగే ప్రశ్నే. ఏటా సగం మంది 2.15 అంటారు. చుక్క లేని సంఖ్యల్లో అంకెలు ఎక్కువున్నదే పెద్దది కాబట్టి చుక్క తర్వాతా అదే నియమమని వాళ్ల నమ్మకం.

మూడో వరుసలో కూర్చునే ఒకామెను లేపాను. ముప్పై దాటిన మనిషి. నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉంటూ చదువుకుంటోంది. వయసు దాటిపోతున్నందున ఆ ఏడు పోలీసు పరీక్షే ఆమెకు ఆఖరిదని క్లాసులో అందరికీ తెలుసు. మిగతా సబ్జెక్టులన్నీ వచ్చు. లెక్కలే ఆమెకు భయం.

"రెండు పాయింట్ పదిహేను పెద్దది సార్" అంది.

"ఎందుకమ్మా?"

"ఎనిమిది గుంటల కన్న పదిహేను గుంటలు ఎక్కువనే గద సార్."

క్లాసంతా ఘొల్లుమంది. నేనూ అందుకున్నాను.

"ఇది లెక్కల క్లాసమ్మా, తహసీల్దారు ఆఫీసు కాదు. పొలం పాస్‌బుక్ తెచ్చుకున్నావా? సంతకం పెట్టమంటావా?"

"సార్, అక్క ట్రాక్టర్ కింద రోడ్డు మీద ఆపినట్టుంది, జర చూసుకోమనుండ్రి!" అని వెనక నుంచి ఎవడో అరిచాడు.

నవ్వులు ఆగేదాకా ఆమె నిలబడే ఉంది. "మా పాస్‌బుక్కుల గట్లనే రాస్తరు సార్. రెండెకరాల పదిహేను గుంటలను 2.15 అని రాస్తరు. తెల్వకనే అడుగుతున్న. గాడ ఒక తీరు, గీడ ఒక తీరు ఎట్లయితది?"

అంతకంటే మంచి ప్రశ్న ఆ తొమ్మిదేళ్లలో నన్నెవరూ అడగలేదు. జవాబు నాకు తెలుసు. ఎకరానికి నలభై గుంటలు. పాస్‌బుక్కులో చుక్క ఎకరాలను, గుంటలను విడదీయడానికి పెట్టిన గుర్తు, అంతే. కుడివైపు లెక్క నలభైకి చేరితే ఒక ఎకరమై ఎడమవైపుకు వెళ్లిపోతుంది. దశాంశంలో అలా కాదు. ఒకట్ల నుంచి పదులకు, పదుల నుంచి వందలకు ప్రతి స్థానం పదింతలవుతున్నట్టే, చుక్క దాటి కుడికి వెళ్లేకొద్దీ ప్రతి స్థానం పదో వంతుకు తగ్గుతుంది. 2.8లో పదో వంతులు ఎనిమిది. 2.15లో ఒక్కటే పదో వంతు, దాని పక్కన ఐదు వందో వంతులు. 2.8ని 2.80 అని రాసి చూపినా సరిపోయేది. పాస్‌బుక్కులో 2.20 అంటే రెండున్నర ఎకరాలు, బోర్డు మీద 2.20 అంటే రెండు మీద ఐదో వంతు మాత్రమే. ఇదంతా చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?

నేనన్నది మాత్రం ఇది: "పొలం లెక్కలు పొలంలోనే వదిలేసి రావాలి. కూర్చో."

తెలియక అన్న మాట కాదు. మాది ఇక్కడికి దగ్గర్లోని చంపాపేట్, నా చిన్నప్పుడు పల్లెటూరే. మా నాన్నకు భూమి ఉండేది. ఇంట్లో మాట్లాడుకున్నదంతా గుంటల్లోనే. ఏడో తరగతిలో నేనూ ఇదే తప్పు రాశాను. కానీ క్లాసులో నేను పుస్తకాల భాష మాట్లాడేవాణ్ణి. గుంటల సంగతి తెలుసని ఒప్పుకుంటే నేనెక్కడివాణ్ణో బయటపడుతుందని నా భయం. ఆ భయాన్ని కప్పుకోవడానికి ఆమెను నవ్వులపాలు చేశాను.

ఆ రోజు నుంచి ఆమె పేరు గుంటలక్క అయింది. నేను వింటూ ఊరుకున్నాను. ఆ నెల సెంటర్లో పెట్టిన పరీక్షలో దశాంశాల ప్రశ్నలన్నీ ఆమె ఖాళీగా వదిలేసింది. ఆ కాగితం దిద్దుతుంటే మొదటిసారి సిగ్గేసింది.

ఆ శనివారం మధ్యాహ్నం ఎల్బీనగర్‌లో నల్లగొండ బస్సులు ఆగేచోట సంచితో కనిపించింది. దగ్గరికి వెళ్లాను.

"ఆ ప్రశ్నలన్నీ ఎందుకు వదిలేశావమ్మా?"

"రాస్తె నవ్వుతరు. వదిలేస్తె ఎవలు నవ్వరు."

ఆమె నోటుబుక్కు అడిగి తీసుకుని, వెనక పేజీలో నలభై గుంటల లెక్క ఒకవైపు, పదో వంతులు ఒకవైపు రాసి చూపించాను. చప్పున అర్థమైంది. అర్థమయ్యేసరికి ఆమె ముఖం ఎర్రబడింది.

"గింతేనా? గీ మాట ఆనాడే చెప్తే ఏం పోయేది? నీకు గుంటలు తెలుసు గద సార్!"

"తెలుసు. మాది చంపాపేటే. నేను గూడ చిన్నప్పుడు ఇదే తప్పు చేసిన" అన్నాను. విద్యార్థి ముందు నా నోట ఇంటి యాస రావడం అదే మొదలు. "నాదే తప్పు. మనసుల పెట్టుకోకు."

"బస్టాపుల నాకొక్కదానికి చెప్తె ఏం ఫాయిదా? అనేటప్పుడు అందరి ముందట అంటివి. గాడనే చెప్పు. సోమవారం ఒస్తా. చెప్తె ఉంటా, లేకపోతె పోతా. మాటలు పడుకుంట సదువుడు నాతోని కాదు."

చెబుతానన్నాను. బస్సు వస్తే ఎక్కింది.

సోమవారం ఆమె నాకంటే ముందే వచ్చి కూర్చుంది. ఆ రోజే సెంటర్ యజమాని కొత్తగా చేరబోయేవాళ్లను తెచ్చి వెనక కూర్చోబెట్టాడు. వాళ్ల ముందు తప్పు ఒప్పుకోవడం ఎందుకు, క్లాసు చివర చెబుదాంలే అనుకుని బోర్డు మీద శాతాలు అని రాశాను. ఆమె బోర్డు చూడలేదు, నన్నే చూసింది. పది నిమిషాలు అలాగే చూసి, పుస్తకం సంచిలో పెట్టుకుని లేచింది.

"గుంటలక్కా, ఎటు? నాట్లకు టైమైందా?" అన్నాడు పక్క వరుసలోవాడు. మళ్లీ నవ్వులు.

మాట్లాడాల్సింది అప్పుడే. నోరు తెరిచాను కూడా.

"క్లాసు మధ్యలో లేవకూడదని తెలీదా?" అన్నాను.

ఆమె గుమ్మం దగ్గర ఆగింది. "తెల్సు సార్. పిరికోళ్ల దగ్గర కూసోవద్దని గూడ ఇయ్యాల తెల్సింది" అని మెట్లు దిగిపోయింది.

మళ్లీ రాలేదు. పోలీసు పరీక్ష రాసిందో లేదో నాకు తెలియదు. ఆ రోజు దశాంశాల ఊసెత్తకుండానే క్లాసు ముగించాక యజమాని వచ్చి, శాతాలు బాగా చెప్పారు సార్, అందరూ చేరుతున్నారు అన్నాడు. థాంక్స్ అన్నాను.