ఏడో తరగతి జాబితా

మొన్న సూరత్ డిండోలి కూరగాయల బజారులో, నాతో పాటు పనిచేసి రిటైరైన టీచరొకావిడ కనిపించి, మన తెలుగు బడిలో ఈ ఏడు ఆరో తరగతికి ఒక్క పిల్లా చేరలేదని చెప్పింది. అందరికీ ఇంగ్లీషు మోజేనని ఆవిడ వాపోతుంటే ఊకొట్టానే గాని, నా మనసు కరోనా ఏళ్ల మీదికి పోయింది.

మరమగ్గాలు ఆగిపోయి, జనం తెలంగాణ పల్లెలకు తరలిపోయి, మళ్లీ ఒక్కొక్కరే సూరత్ చేరుతున్న రోజులవి. బడి తెరిచేసరికి నా ఏడో తరగతిలో సగం బల్లలు ఖాళీ. చదవడం మరచిపోయిన పిల్లల జాబితా రాయమన్నారు పై అధికారులు, వాళ్లకు రోజూ ఒక గంట అదనంగా చెప్పాలట. జాబితా పెరిగితే బడికి చెడ్డపేరు వస్తుందని, అసలే పిల్లలు తక్కువైన మా బడిని ఇంకో బడిలో కలిపేస్తారని నాకు భయం. అబద్ధం రాయమని నాకెవరూ చెప్పలేదు. నేనే రాశాను.

మగ్గం కార్మికుడి కూతురొకతె, ఊళ్లో ఫోను లేక ఏడాదిన్నర పాఠమే వినని పిల్ల, పుస్తకం పట్టుకుని మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయి నా మొహంలోకి చూసింది. ఆ పిల్ల పేరును జాబితాలో చేర్చలేదు. వారం తిరక్కుండా తల్లి వచ్చింది.

"పిల్ల అచ్చరాలు మర్చిపోయింది టీచర్. జర ఇంకో ఏడాది ఏడో తరగతిలనే కూసోబెట్టుండ్రి."

వయసు మీరిపోతుందమ్మా, పై తరగతిలో అదే వస్తుందని సర్దిచెప్పి పంపేశాను. చదువురాని ఆ తల్లికి తెలిసిన మాట నాకు తెలియక కాదు.

ఎనిమిది ఎలాగో దాటిన ఆ పిల్ల, తొమ్మిదిలో నెలకే మానేసి ఇంట్లో చీరలకు రాళ్లంటించే పనిలో కూర్చుంది. తల్లి చిన్నకూతుర్ని వేరే బడిలో వేసింది, ఆ గల్లీ వాళ్లంతా తమ పిల్లలతో ఆమె దారే పట్టారు.

రిటైరయ్యాక ధైర్యం చేసి వాళ్లింటికి వెళ్లి, తప్పు నాదేనని, రోజూ వచ్చి చదువు చెబుతానని అన్నాను. పిల్ల ఒళ్లోని చీర పక్కనపెట్టి చాయ్ తెచ్చిచ్చి, "ఇప్పుడు నాకు సిగ్గయితది టీచర్," అంది.

తల్లి నెమ్మదిగా, "గప్పుడే చెప్తే మంచిగుండేది గద," అంది.

ఒకప్పుడు ఆ గల్లీ తల్లులు పిల్ల చేయి నా చేతిలో పెట్టి, మరో మాట అడగకుండా పనికి పోయేవారు. ఇప్పుడూ నమస్తే అంటారు, మర్యాదకేం లోటు లేదు. పిల్లల చదువు సంగతి మాత్రం నా దగ్గర ఎవరూ ఎత్తరు.