కాపలాదారు చేత నేను అడిగించిన ప్రాణభిక్ష

పిడుగురాళ్లలో సున్నపు బట్టీలకు వెళ్లే దారిలో, లారీలు తూచే ఒక కాటా దగ్గర నేను కంప్యూటర్ ఆపరేటర్‌ని. రాయి లోడు తూకం చూసి చీటీ తీసి ఇవ్వడం నా పని. బండికీ బండికీ మధ్య ఫోన్‌లో ఆట ఆడేదాన్ని. బొమ్మలుండని ఆట అది. ఒక గ్రూపులో పదిమందిమి కలిసి ఒక రాజ్యాన్ని ఊహించుకున్నాం. ఒక్కొక్కరిదీ ఒక్కో పాత్ర. మన పాత్ర ఏం చేసిందో, ఏమన్నదో మనం రాస్తే, అది చదివి తర్వాతివాళ్లు తమ వంతు రాస్తారు. నాది మూలికలతో గాయాలు మాన్పే ముసలమ్మ.

బాగా ఆడతానని నాకు గ్రూపులో పేరుండేది. కొత్తగా చేరినవాళ్లకు నియమాలు నేనే చెప్పేదాన్ని. అన్నిటికన్నా ముఖ్యమైనది, ఎదుటివాళ్ల పాత్ర చేత మనం ఏ పనీ చేయించకూడదు. మన పాత్ర కత్తి విసురుతుంది, అంతే. అది తగిలిందో లేదో వాళ్లే రాసుకోవాలి.

ఆ నియమం నేనే తప్పాను.

కోట ముట్టడి ఘట్టం నడుస్తోంది. రెండేళ్లుగా నాతో ఆడుతున్న ఒకతను ఆ కోటకు కాపలాదారు. నిజంగా అతనెవరో, ఏ ఊరో నాకు తెలియదు. గాయపడిన ఆ కాపలాదారు దగ్గరికి నా ముసలమ్మ వెళ్లింది. బయట మూడు లారీలు హారన్ కొడుతున్నాయి. కథ మంచి ఊపులో ఉంది, ఆపబుద్ధి కాలేదు. "కాపలాదారు కత్తి కింద పడేసి, ఆమె కాళ్లు పట్టుకుని ప్రాణభిక్ష అడిగాడు" అని రాసి పంపేశాను. అందరూ మెచ్చుకున్నారు. అతను మాత్రం ఏమీ అనలేదు.

మర్నాడూ అనలేదు. మూడోరోజు నా వాక్యం మళ్లీ చదువుకుంటే, అతను రాయాల్సింది నేను రాసేశానని అప్పుడు తట్టింది. తీసేద్దామంటే అప్పటికే దాని మీద నలుగురు కథ అల్లేశారు. అతను చదివినట్టు గుర్తు కనిపిస్తూనే ఉంది. ఫోన్ మోగితే చాలు, అతనేమోనని చూసేదాన్ని. అతను కాకపోతే ఇంకా భయం.

ఐదోరోజు ఒక చీటీలో ఖాళీ బండి బరువు చోట లోడు బరువు కొట్టాను. ఆ లారీ డ్రైవరు రోజూ వచ్చే పెద్దాయన. నేను బాబాయ్ అంటాను. చీటీ వెనక్కి తెచ్చాడు.

"ఏందమ్మా, ఖాళీ బండే ఇంత బరువుందా? మనసెక్కడ పెట్టావు?"

ఎవరికీ చెప్పనిది ఆయనకు చెప్పేశాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"సీట్లో నేను కూర్చోనుండంగానే స్టీరింగు నువ్వు పట్టుకు తిప్పావన్నమాట."

"అంతే బాబాయ్."

"మరి ఐదురోజులు ఏం చూస్తన్నావు? తప్పయిందని చెప్పు. తిడితే తిట్టించుకో."

ఆయనకు చీటీ సరిచేసి ఇచ్చి, ఆటలో కాకుండా అతనికి విడిగా రాశాను. రాసిందంతా నాలుగుసార్లు కొట్టేస్తే చివరికి రెండు ముక్కలు మిగిలాయి: "మీ పాత్ర ఏం చేయాలో నేను రాయకూడదు. తప్పు నాదే."

సాయంత్రం గది తాళం వేసే వేళకు జవాబు వచ్చింది. బండలారీ ఒకటి దుమ్ము రేపుకుంటూ పోయేదాకా అలాగే నిలబడి, అప్పుడు చదివాను.

"నేను దుర్గిలో రాతి బొమ్మలు చెక్కుతానక్కా. వచ్చినోళ్లందర్నీ బతిమాలుకోవడమే సరిపోతది నాకు. రేటు తగ్గించొద్దని, చెక్కింది తీసుకెళ్లమని. ఆ కాపలాదారు ఒక్కడే ఎవర్నీ బతిమాలలేదు. మీరు చానా బాగా రాశారు. అందుకే ఎక్కువ నొచ్చింది."

ఆ రోజే గ్రూపులో నా తప్పు చెప్పి, కథను ముసలమ్మ రాక దగ్గరికి వెనక్కి తెచ్చాను. రాసిందంతా వృథా అయిందని ఇద్దరు విసుక్కున్నారు. వారం తర్వాత అతను తన వంతు రాశాడు. కాపలాదారు కత్తి వదలకుండానే గోడకు జారగిలబడి, ముసలమ్మను కట్టు కట్టనిచ్చాడు.

ఇప్పుడు ఏది పంపే ముందైనా అవతలివాళ్లను ఒకసారి అడుగుతున్నాను. ముసలమ్మలో మునుపటి చురుకు లేదని ఈమధ్య ఎవరో రాశారు. చూసి బాధేసింది. అయినా అడగడం మానలేకపోతున్నాను.