గురువారం గురువారం చచ్చిపోయే డాక్టరు

డాక్టర్ సుధీంద్ర గారు ప్రతి గురువారం మధ్యాహ్నం చచ్చిపోయేవారు. భోజనాలయ్యాక, టీ వచ్చేలోపు. ఎక్కడ పోతారన్నది మాత్రం ముందుగా చెప్పేవారు కాదు. ఒకసారి లిఫ్టులో పోయారు. ఇంకోసారి క్యాంటీన్‌లో, సాంబారు ఇడ్లీ సగం తిన్నాక పోయారు. ఒకసారైతే మెట్ల మీద ఎదురొస్తున్న మందుల కంపెనీ మనిషి కాళ్ళ మీదే పడి పోయారు. ఆ మనిషి బ్యాగు అక్కడే వదిలేసి ఉప్పల్ రింగురోడ్డు దాకా వెనక్కి చూడకుండా పరిగెత్తాడట. ఆ తరవాత ఆ కంపెనీ నుంచి ఆడమనిషే వచ్చేది.

ఆయన రైల్వే దవాఖానాలో గుండె జబ్బుల డాక్టరుగా చేసి రిటైరై, రామంతాపూర్‌లో ఇల్లు కట్టుకున్న పెద్దమనిషి. గుండెపోటుతో వచ్చినవాళ్ళను ఎలా కాపాడాలో నర్సులకూ టెక్నీషియన్లకూ నేర్పమని ఉప్పల్‌లో ఒక నర్సింగ్ హోమ్ మేనేజరు పరంధామయ్య ఆయన్ను పిలిచాడు. నాలుగు బొమ్మలు గోడ మీద వేసి చూపించి, సర్టిఫికెట్లు పంచి, ఫోటో దిగి వెళ్ళిపోతాడనుకున్నాడు పాపం. సుధీంద్ర గారు మొదటి రోజే ప్రొజెక్టరు వైరు పీకేసి, ఛాతీ పట్టుకుని, బల్ల కింద పడిపోయారు.

గదిలో ఉన్నవాళ్ళంతా కొయ్యబారిపోయారు. సీనియర్ నర్సు స్వర్ణలత డ్యూటీ డాక్టరు కోసం రెండంతస్తులు దిగి పరిగెత్తింది. ఆయన్ను వెతికి, బతిమాలి, వెంటబెట్టుకుని వచ్చేసరికి సుధీంద్ర గారు నేల మీదే పడుకుని ఒక కన్ను తెరిచారు.

"నేను పోయి చాలాసేపయింది తల్లీ. ఇప్పుడు డాక్టరెందుకు, పూలదండ తెస్తే సరిపోయేది."

స్వర్ణలతకు ఒళ్ళు మండింది. జనగామ నుంచి వచ్చి, ఎన్నో నైట్ డ్యూటీలు చేసి పైకొచ్చిన మనిషి. అంతమందిలో నవ్వులపాలు కావడం ఆమెకు అలవాటు లేదు.

"డాక్టర్ చెప్పంది మేం సూది గూడ ముట్టం సార్. గదే ఇక్కడి రూలు."

"ఆ రూలు పెట్టినాయనకు ఇంకా గుండెపోటు రాలేదులే అమ్మా."

అక్కడి నుంచి వాళ్ళిద్దరికీ చుక్కెదురు. ఆయన మిగతా అందరినీ వదిలేసి స్వర్ణలత ముందే పోయేవారు. ఆమె పళ్ళు నూరుకుంటూ బతికించేది. ఒక వారం నాచారం ఫ్యాక్టరీ కార్మికుడిలా చెయ్యి లాగుతోందని మూలిగేవారు. మరో వారం చున్నీ నెత్తిన కప్పుకుని, అత్తగారిలా "నాకేం కాలేదు, దవడ నొప్పి, పళ్ళ డాక్టర్ని పిలవండి" అని సతాయించేవారు. నర్సులు కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళు. ఆయన మాత్రం నవ్వేవారు కాదు.

ఆ అత్తగారి వేషానికి కారణముంది. అక్కడ ఈసీజీ తీసేవాడు మహిపాల్. మగవాడి ముందు రవిక విప్పడానికి ఆడవాళ్ళు ఒప్పుకునేవాళ్ళు కాదు, వాళ్ళ మొగుళ్ళు అంతకన్నా ఒప్పుకునేవాళ్ళు కాదు. "రేపు లేడీ వస్తది, రేపు రాండ్రి" అని ఒక గ్యాస్ గోలీ చేతిలో పెట్టి పంపేయడం అక్కడ మామూలు.

"ఆడవాళ్ళ గుండె రేపటిదాకా ఆగుతానని నీకు మాటిచ్చిందా మహిపాల్?" అనేవారు సుధీంద్ర గారు. దుప్పటి కప్పి, దాని కిందే చేతులు పెట్టి ఈసీజీ తీయడం నర్సులందరికీ నేర్పారు. దవడ లాగినా, వీపు పట్టేసినా, ఊరికే ఆయాసం వచ్చి చెమట పట్టినా ఆడమనిషిని గ్యాస్ అని పంపకూడదన్నారు. ముందు ఈసీజీ, చేతిలో ఆస్పిరిన్ గోలీ, తరవాతే మాటలు.

నేర్చుకున్నాక నర్సులు ఊరుకుంటారా. కొత్తగా చేరిన మానస ఒకరోజు ఛాతీ నొప్పంటూ వచ్చిన బ్యాంకు క్యాషియర్‌ని చూసి అలారం కొట్టేసింది. అందరూ పరిగెత్తారు. మంచమెక్కించారు, వైర్లు తగిలించారు. చివరికి తేలిందేమిటంటే, ఆయన ఉప్పల్ డిపో దగ్గర ప్లేటు తరవాత ప్లేటు మిర్చిబజ్జీలు తిని వచ్చాడు.

"గంత హంగామా ఎవ్వలు జేసిన్రు? దవాఖానా అనుకున్నరా, జాతర అనుకున్నరా?" అని పరంధామయ్య మండిపడ్డాడు. మానస కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అప్పుడే సుధీంద్ర గారు గొడుగు మడుచుకుంటూ లోపలికి వచ్చారు.

"ఆయన్ను నేనే పంపాను పరంధామయ్యా. పరీక్ష పెట్టాను. పిల్ల పాసైంది."

పరంధామయ్య తల పట్టుకున్నాడు. ఆ తరవాత భుజం పట్టేసిన పహిల్వానును కూడా తనే పంపానన్నారు. పెళ్ళి భోజనంలో పొలమారిన పెద్దమనిషినీ ఆయనే పంపారట. దాంతో సిబ్బందికి ఎవర్ని చూసినా అనుమానమే. ఒక ముసలాయన గడ్డం అతికించిందేమోనని మహిపాల్ పట్టుకు లాగి చూసి, చెంపదెబ్బ తిన్నాడు.

"ఈ సారు ఊర్లె సగం మందికి యాక్టింగు నేర్పిండు. ఇగ మిగిలినోళ్ళే పేషెంట్లు" అని స్వర్ణలత విసుక్కునేది.

చివరికి పరంధామయ్య హుకుం జారీ చేశాడు. డాక్టరు చెప్పకుండా నర్సు ఒక్క గోలీ ఇచ్చినా సరే, ఆ రోజే నౌకరీ ఊడుతుంది. స్వర్ణలత భర్త పనిచేసే నాచారం ఫ్యాక్టరీ మూతపడి చాలా కాలమైంది. ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోంది. అయినా ఆ హుకుం విని ఆమె తల వంచుకోలేదు, తల ఊపనూ లేదు.

తెలంగాణ బంద్‌లు జోరుగా సాగుతున్న రోజులవి. అలాంటి ఒక బంద్ రోజున బస్సుల్లేవు, ఆటోల్లేవు. డ్యూటీ డాక్టరు దారిలో ఎక్కడో ఇరుక్కుపోయాడు, ఫోనూ కలవడం లేదు. నాచారం నుంచి సాంబయ్య అనే కార్మికుడు భార్య శ్యామలమ్మను టీవీఎస్ బండి మీద గల్లీ గల్లీ తిప్పి తెచ్చాడు.

"గ్యాసమ్మా. సోడా తాగుమంటె ఇనలే" అన్నాడు.

శ్యామలమ్మ దవడ పట్టుకుని ఉంది. ముఖమంతా చెమట. స్వర్ణలత ఆమెను ఎగాదిగా చూసి నవ్వింది. దవడ నొప్పి, చెమట, గ్యాస్ అనే మొగుడు, డాక్టరు లేని రోజు. సుధీంద్ర గారి పరీక్ష కాక ఇంకేమిటి.

"బాగ జేస్తున్నవమ్మా. సారు మంచిగ నేర్పిండు" అంటూ మంచం మీద పడుకోబెట్టింది.

"ఏ సారు?" అంది శ్యామలమ్మ మూలుగుతూ.

"గట్లనే అడగాలె. గది గూడ నేర్పిండు."

ఫెయిలై ఆ ముసలాయన చేత మళ్ళీ పూలదండ మాట అనిపించుకోవడం స్వర్ణలతకు ఇష్టం లేదు. మహిపాల్‌ని బయటికి పంపింది, సాంబయ్యను బయటికి తోసింది. ఆస్పిరిన్ నమిలించింది. దుప్పటి కప్పి ఈసీజీ తీసింది. అంతా పది నిమిషాల్లోపే. అప్పుడు కాగితం చూసింది. గీతలు పైకి లేచి కూర్చున్నాయి, అసలు గుండెపోటే. మనుషులకు యాక్టింగు నేర్పొచ్చు, ఈసీజీకి నేర్పలేరు కదా.

స్వర్ణలత నవ్వు ఆగిపోయింది. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుంటూనే ఉన్నాయి. ఫోను తీసి సుధీంద్ర గారికి చేసింది.

"సార్, ఈమెను మీరు పంపలే గద."

"నేనెవర్నీ పంపలేదమ్మా. కాగితంలో ఏముందో చదువు."

చదివింది. అంబులెన్సు పిలిపించి గుండె దవాఖానాకు తీసుకెళ్ళమన్నారు ఆయన. శ్యామలమ్మను ఎక్కించి, తనే పక్కన కూర్చుంది. రోడ్డుకు అడ్డంగా రాళ్ళు పెట్టిన పిల్లలే ఉప్పల్ చౌరస్తాలో వాటిని తీసి పక్కన పడేసి, "పోనియ్యన్నా, జల్ది" అని డ్రైవర్‌కు దారిచ్చారు. శ్యామలమ్మకు స్టెంటు వేశారు. బతికింది.

బతికినందుకు స్వర్ణలతకు శాలువా కప్పలేదు. తరవాతి వారం పరంధామయ్య తన గదికి పిలిపించాడు.

"నేను జెప్పిందేంది, నువ్వు జేసిందేంది? ఆమెకేమన్న అయితే దవాఖానాకు తాళమే గద."

ఆమె నోరు తెరిచేలోపే సుధీంద్ర గారు తలుపు తోసుకుని వచ్చారు.

"ఆవిణ్ణి నేనే పంపాను పరంధామయ్యా. పరీక్ష నాది, తప్పూ నాదే."

"హార్ట్ అటాక్ గూడ మీరే పంపిన్రా సార్?"

"అన్నీ నేనే ఏర్పాటు చేశాను" అన్నారు ఆయన, ఏమాత్రం తొణక్కుండా.

స్వర్ణలత ఆయన వైపు తిరిగింది. నోరు తెరిచి ఇంత పచ్చి అబద్ధం ఆడేవాడు ఇదివరకు ఎన్ని ఆడి ఉంటాడో అనిపించింది.

"సార్, మిర్చిబజ్జీలు తిన్న ఆ బ్యాంకాయన ఎవరు?"

"ఎవరో ఏమిటో, నాకేం తెలుసు."

"మరి ఆ పహిల్వాను?"

సుధీంద్ర గారు నేల చూపులు చూశారు. "భయపడి అలారం కొట్టిన పిల్లని తిడితే, రెండోసారి ఆ చెయ్యి లేవదు తల్లీ. అదే నన్ను తిడితే ఏం పోయింది. నేనెలాగూ గురువారం గురువారం పోయేవాణ్ణే."

ఇన్నాళ్ళూ ఆయన్ను పిచ్చోడనుకున్నందుకు స్వర్ణలతకు సిగ్గేసింది, అంతకుమించి ఎక్కడలేని మొండితనం వచ్చింది. పరంధామయ్య బల్ల దగ్గరికి జరిగింది.

"ఈసారి సారుకు సంబంధం లేదు. ఎవ్వలు జెప్పలే, నేనే జేసిన. రేపు గట్ల ఇంకొకామె వస్తె మల్ల జేస్త. నౌకరి తీస్తె తీయుండ్రి."

"అమ్మా, నన్ను చెప్పనివ్వు" అన్నారు సుధీంద్ర గారు.

"మీరు జర ఊకోండ్రి సార్."

తలుపు మళ్ళీ తెరుచుకుంది. నర్సులకు పండ్లిచ్చి పోదామని వచ్చి, బయట బెంచీ మీద కూర్చుని అంతా విన్న శ్యామలమ్మ లోపలికి వచ్చింది. వెనకాల కొంగు పట్టి ఆపబోతూ సాంబయ్య.

"ఎవలయ్యా నన్ను పంపినోడు? మా ఆయన సోడా తాగుమన్నడు. అత్తమ్మ పండుకోమన్నది. ఇద్దరి మాట ఇనకుంట బండి ఎక్కి నేనే వచ్చిన. నన్ను ఎవ్వలు పంపలే."

కొత్త స్టెంటుతో వచ్చిన మనిషి గట్టిగా మాట్లాడటం చూసి పరంధామయ్య కంగారుగా లేచి కుర్చీ జరిపాడు. "కూసోమ్మా. ముందు కూసో."

"కూసోను. ముందుగాల ఈ పిల్ల నౌకరి సంగతి జెప్పు."

పరంధామయ్య సుధీంద్ర గారిని చూశాడు. ఆయన కిటికీలోంచి రింగురోడ్డు చూస్తున్నారు. స్వర్ణలతను చూశాడు. ఆమె కళ్ళు దించలేదు.

"ఎవ్వల నౌకరి పోదు" అన్నాడు చివరికి.

అప్పుడుగానీ శ్యామలమ్మ కుర్చీలో కూర్చోలేదు.