మా అన్నయ్య పెట్టిన రెండో సంతకం

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా వాళ్ళందరూ అంటారు. ఉంటుంది. ఉంటే ఏటట? ముక్కు నాది, కోపమూ నాదే. కానీ మా అన్నయ్య నాతో మాట మానెయ్యడానికి కారణం మాత్రం నా కోపం కాదు, నా భయం. ఈ సంగతి మా చుట్టాల్లో ఒక్కరూ ఒప్పుకోరు. "సొంత అన్న నోటికాడి కూడు లాగేసింది" అని ఎలమంచిలి నుంచి మునగపాక దాకా చెప్పుకుంటారు. చెప్పుకోనీ. జరిగింది జరిగినట్టు నేనూ ఒకసారి చెప్పుకుంటాను.

మా అన్నయ్యా, మా ఆయనా ఇద్దరూ మిలట్రీలో హెలికాప్టర్ మెకానిక్కులు. ఇంటర్ అయ్యేక ఒకే రైల్లో పరీక్షకి వెళ్ళేరు, ఒకే చోట ట్రైనింగ్ చేసేరు, తిరిగి తిరిగి ఒకే యూనిట్‌లో పడ్డారు. మా పెళ్ళి కుదిర్చింది అన్నయ్యే. "ఆడి మొహం సూడకే, సేతులు సూడు. ఆ సేతులు పడిన ఇంజిను మొరాయించదు" అన్నాడు. పెళ్ళిచూపుల్లో పెళ్ళికొడుకు చేతులు చూసి తలూపినదాన్ని నేనొక్కదాన్నేనేమో. వాళ్ళిద్దరూ ట్రైనింగ్‌లో ఉన్నప్పటి నుంచే ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. మా పెళ్ళితో నిజంగానే బావలయ్యేరు.

చేతులు మంచివే. మనిషే మరిచిపోయే రకం. గ్యాసు కట్టడం మరిచిపోతాడు. స్టాండు తియ్యకుండా బండి మీద బయల్దేరిపోతాడు. పాలు తెమ్మంటే పెరుగు తెచ్చి, "ఇదీ పాలే కదే" అంటాడు. నాకు ఒళ్ళు మండేది. "యూనిట్‌లో కూడా ఇంతేనా మీ వ్యవహారం?" అని అడిగితే నవ్వేవాడు. "అక్కడ కాయితం ఉంటాది. అది మరిచిపోనివ్వదు."

ఆ కాయితం సంగతి నాకు క్వార్టర్స్‌లో కాపురం పెట్టేకే తెలిసింది. హెలికాప్టర్‌లో ప్రాణం మీదకొచ్చే పని ఏది చేసినా రెండు సంతకాలు కావాలట. పని చేసినవాడు ఒకటి పెడతాడు. దానితో ఏ సంబంధమూ లేని ఇంకొకడు వచ్చి, టార్చి వేసి, కంటితో చూసి, చేత్తో కదిపి, అప్పుడు రెండోది పెడతాడు. రెండో సంతకం పడేదాకా దాని మూత మూయకూడదు.

అదంతా ఎందుకో నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. మేం క్వార్టర్స్‌లో ఉన్న రెండో ఏడు, ఒక రోజు పదకొండు గంటలప్పుడు ఫోన్లన్నీ ఒక్కసారి మూగబోయేయి. ఎవరి మొగుడికి చేసినా ఎత్తడు. కాసేపటికి ఒక జీపొచ్చి మా లైను చివర ఆగింది. ఇద్దరు యూనిఫాం వాళ్ళు, వాళ్ళతో ఒక ఆవిడ, దిగి నడుచుకుంటూ వస్తున్నారు. ఆడవాళ్ళమంతా ఎవరి గుమ్మంలో వాళ్ళం నిలబడ్డాం. నా గుమ్మం దాటి వెళ్ళిపోవాలని దండం పెట్టుకున్నాను. దాటి వెళ్ళేరు. పక్కింటి ముందు ఆగేరు. ఆ ఇంటి పిల్లకి పెళ్ళయి ఏడాది కాలేదు. ఆమె మొగుడు ఎక్కిన హెలికాప్టర్ ఎందుకు పడిందో తర్వాత ఎప్పటికో చెప్పేరు. ఆయిలు గొట్టాన్ని పట్టి ఉంచే చిన్న క్లిప్పట. నా అరచేతిలో పెడితే బరువు తెలియనంత ముక్క.

ఆ తర్వాత పిల్లల చదువుల కోసం నేను అనకాపల్లి వచ్చేసి, అత్తవారింట్లో ఉండిపోయేను. అన్నయ్యా, మా ఆయనా అక్కడే ఉన్నారు. ఒక పగలూ రెండు రాత్రులూ రైలు ప్రయాణం.

నూకాలమ్మ జాతరకి మా ఆయనకి సెలవు దొరికింది. ఆదివారం పొద్దున్న దిగేడు. అమ్మవారిని చూసి వచ్చి, మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాడు. కోడికూర చేసేను. మనిషి మంచి హుషారుగా ఉన్నాడు.

"మీ అన్నయ్య బంగారం అనుకో" అన్నాడు ముద్ద కలుపుతూ. "శుక్రవారం నా పనయ్యేసరికి రైలుకి గంట కూడా లేదు. రెండో సంతకం బావ పెట్టాల. ఆడు టార్చి అయినా తియ్యలేదు. 'నువ్వెళ్ళు బావా, రైలెలిపోద్ది. నువ్వు సేసిన పని నేను సూసేదేటి?' అని సంతకం పెట్టీసి మూత బిగించీమన్నాడు."

నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "ఏం పని?" అన్నాను.

"తోక పంకాకి వెళ్ళే కడ్డీ మార్చేను."

ఇన్నేళ్ళు మెకానిక్కుతో కాపురం చేసినదాన్ని, ఆ మాత్రం నాకూ తెలుసు. హెలికాప్టర్ తోక దగ్గర చిన్న పంకా ఒకటి ఉంటుంది. అది మాట వినకపోతే బండి గాల్లో గిర్రున తిరిగిపోతుంది. దాన్ని నడిపించే కడ్డీని ఒక నట్టుతో బిగిస్తారు. నట్టు అదురుకి ఊడిపోకుండా అడ్డంగా ఒక పిన్ను దూర్చి, దాని రెండు కాళ్ళూ వెనక్కి మడుస్తారు.

"పిన్ను పెట్టేరా? కాళ్ళు మడిచేరా?"

"మడిచేను" అన్నాడు. రెండు ముద్దలు తిన్నాడు. మూడో ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగింది. ఆ మొహం నాకు బాగా తెలుసు. ఎలమంచిలి బస్సెక్కి కశింకోట దాటేక, ఇంట్లో గ్యాసు కట్టేనా లేదా అని ఆలోచించే మొహం.

"ఫోన్ చెయ్యండి" అన్నాను.

"ఎవరికి?"

"అన్నయ్యకి. విప్పి చూడమనండి."

చేసేడు. స్పీకర్‌లో పెట్టమన్నాను. అన్నయ్య ఎత్తుతూనే, "ఏటి బావా, కోడికూర కుదిరిందా? మా సెల్లి కారం దంచి కొట్టుంటాది" అన్నాడు.

"అది కాదు బావా. ఆ పిన్ను ఒక్కసారి సూడు."

అవతల నవ్వేడు. "రేపు పొద్దున్న ఆ బండి ఎగురుద్ది. అందులో నేనూ ఎక్కుతన్నాను. ఎక్కేవోడికి లేని డౌటు నీకేటి?"

నేనింక ఆగలేకపోయేను. ఫోను లాక్కున్నాను. "విప్పి చూస్తే నీ సొమ్మేం పోయింది అన్నయ్యా?"

"ఊరికే విప్పడం కుదరదే. ఎందుకు విప్పేనో రాయాల. ఏటని రాయను? సూడకుండా సంతకం పెట్టేనని రాయనా?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "అయినా బావ సేసిన పని మళ్ళీ ఇప్పి సూడ్డవంటే, బావ మొహం మీద ఉమ్మినట్టు కాదేటి? మన ఇళ్ళల్లో అలాటిదుందా? ఏరే ఎవుడైనా అయితే టార్చి ఏసి సూద్దును. ఆడు బావ" అన్నాడు.

"ఎంతమంది ఎక్కుతున్నారు?"

"నాతో కలిపి ఆరుగురం. నువ్వు జాతర సూసుకోయే" అని పెట్టేసేడు.

అదీ మా వాళ్ళ తెలివి. బావకి మర్యాద ఇవ్వడం కోసం ఆరుగురు గాల్లోకి ఎగరాలి.

"మీరే ఫోన్ చెయ్యండి పైవాళ్ళకి" అన్నాను మా ఆయనతో. ఆయన కంచం దగ్గర నుంచి లేవలేదు. "సేత్తే బావ ట్రైనింగ్ పోద్ది" అన్నాడు. అదీ నిజమే. పెద్ద ట్రైనింగ్‌కి అన్నయ్య పేరు అప్పుడే వెళ్ళింది. అది చేసొస్తే ప్రమోషను, ఆ తర్వాత బయట మంచి ఉద్యోగం. ఎన్నేళ్ళుగా దాని కోసం కాచుకుని ఉన్నాడో నాకు తెలియదా?

"నీకు మీ అన్నయ్య మీద నమ్మకం లేదా?" అన్నాడు మా ఆయన.

"అన్నయ్య మీద ఉంది. మీ మీదే లేదు" అన్నాను. అనకూడని మాటే. అనేసేను.

మేడ మెట్ల మీద కూర్చున్నాను. చెప్పొద్దూ, మిగతా ఐదుగురి కోసం కాదు నేను వణికింది. వాళ్ళెవరో కూడా నాకు తెలియదు. మా వదిన ఆ క్వార్టర్స్ గుమ్మంలో నిలబడి ఉన్నట్టు, ఆ జీపు వచ్చి ఆగినట్టు, అదొక్కటే కళ్ళ ముందు కనిపిస్తోంది. ఫోన్ చేస్తే అన్నయ్య ఉద్యోగంలో దెబ్బ తింటాడు. చెయ్యకపోతే ఏమవుతుందో ఎవరికీ తెలియదు.

సెక్షన్ ఇన్‌చార్జి గారి భార్య నాకు క్వార్టర్స్‌లో తెలిసిన మనిషి. ఆవిడకి చేసి, సార్‌ని ఒకసారి పిలవమన్నాను. నా హిందీ అంతంతమాత్రం. అయినా చెప్పేను, ఫలానా బండి, ఫలానా పని, పిన్ను ఉందో లేదో అనుమానం, రెండో సంతకం చూడకుండా పెట్టేరు అని. పెట్టిందెవరని అడిగితే, "మా అన్నయ్యే సార్" అన్నాను.

"పిన్ను లేదని మీకెలా తెలుసు? మీరు చూసేరా?" అన్నాడు.

"నేను చూడలేదు సార్. ఎవరూ చూడలేదు" అన్నాను.

దీపాలు పెట్టే వేళకి మా ఆయన ఫోను మోగింది. నిలబడి మాట్లాడేడు. "యస్ సార్" అని రెండుసార్లు అన్నాడు. ఫోను కింద పెట్టి నా వైపు తిరిగేడు.

"ఉంది" అన్నాడు. "పిన్ను ఉంది. రెండు కాళ్ళూ నున్నగా మడిచి ఉన్నాయట."

హమ్మయ్య అనుకున్నాను. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అమ్మవారికి కొబ్బరికాయ మొక్కుకున్నాను. ఆ సంబరం ఎంతసేపు? మా ఆయన సెలవు రద్దు చేసేరు, మర్నాడే రైలెక్కాలి. ఇద్దరి మీదా ఎంక్వయిరీ పెట్టేరు. పని సరిగ్గానే ఉంది, కానీ చూడకుండా చూసినట్టు సంతకం పెట్టడం అబద్ధం కిందే లెక్కట. మా ఆయనకి గట్టి వార్నింగ్ ఇచ్చేరు. అన్నయ్యకి సంతకం పెట్టే అధికారం తీసేసేరు. ట్రైనింగ్ నుంచి పేరు వెనక్కి లాగేసేరు.

అన్నయ్య నాకొక వాయిస్ మెసేజ్ పెట్టేడు. "పిన్ను ఉంది. నీకింక అన్న లేడు." అంతే. మళ్ళీ నా ఫోను ఎత్తలేదు.

మా ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. కొన్ని నెలల తర్వాత ఫోన్లో, "ఆ ఫోను నేను సెయ్యాల్సింది. నీ సేత సేయించేను" అన్నాడు. అప్పుడు ఏడ్చేను.

పండగలు వెళ్ళేయి, పెళ్ళిళ్ళు వెళ్ళేయి. అన్నయ్య సెలవుకొస్తే ఎలమంచిలిలో దిగి, మా పుట్టింట్లోనే ఉండి వెళ్ళిపోయేవాడు. పాతిక కిలోమీటర్లే మా ఇంటికి. టీవీలో ఎక్కడ హెలికాప్టర్ పడినా మా అత్త నా మొహం వైపు చూసి ఛానెల్ మార్చేసేది.

మూడేళ్ళు దాటేక, మొన్న అన్నయ్య కూతురికి ఓణీల ఫంక్షన్ చేసేరు. పిలుపు రాలేదు. వదిన మాత్రం దొంగతనంగా ఫోన్ చేసి, "మేనత్త లేకుండా ఫంక్షనేటి, నువ్వు రా" అంది. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. చీర కొని, ఒక్కదాన్నే ఎలమంచిలి బస్సెక్కేను.

అన్నయ్య ఇంటి పక్క షామియానాలో వంటలవాళ్ళతో మాట్లాడుతున్నాడు. నన్ను చూసి దగ్గరకొచ్చేడు. జుట్టు సగం నెరిసిపోయింది.

"ఎందుకొచ్చేవు?"

"నా మేనకోడలికి చీర పెట్టడానికి."

నా చేతిలో చీర వైపు చూసేడు. "పిన్ను ఉంది కదే" అన్నాడు. మూడేళ్ళ తర్వాత నాతో అన్న మాట అది.

నాకు మళ్ళీ కోపం తన్నుకొచ్చింది. "ఉంది అన్నయ్యా. ఉందని ఎలా తెలిసింది? విప్పి చూస్తేనే కదా. అంతవరకూ నీకూ తెలియదు, నాకూ తెలియదు, పెట్టినాయనకే తెలియదు" అన్నాను.

తిరిగి అరుస్తాడనుకున్నాను. అరవలేదు. అక్కడున్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు.

"ఆ పిన్ను లేకపోయుంటే ఎంత బాగుణ్ణే" అన్నాడు. "మా సెల్లి నన్ను బతికించిందని ఊరూరా సెప్పుకుని తిరుగుదును. నీ కాళ్ళకి దండం పెడుదును. తీరా సూత్తే ఉంది. ఇప్పుడు నేనేటి సెయ్యను సెప్పు? నిన్ను తిట్టనా, దండం పెట్టనా?"

నా దగ్గర ఉన్నది ఒకటే మాట, ఎవరితోనూ అననిది. మా ఆయనతో కూడా అనలేదు. ఈ మూడేళ్ళలో వంట చేస్తూ, బట్టలు ఆరేస్తూ, ఆ పిన్ను లేకపోయుంటే బాగుణ్ణని ఎన్నిసార్లు అనుకున్నానో. ఆరుగురు ఎక్కే బండిలో, మా అన్న ఎక్కే బండిలో తప్పు ఉండి ఉండాలని కోరుకున్నాను, నా మాట నెగ్గడం కోసం. తలుచుకుంటే సిగ్గేస్తుంది.

"నేనూ అదే అనుకున్నాను అన్నయ్యా. చాలాసార్లు" అన్నాను.

అన్నయ్య తలెత్తి నన్ను చూసేడు. తర్వాత లేచి వంటలవైపు వెళ్ళిపోయేడు. లోపలికి రమ్మనలేదు. పొమ్మనీ అనలేదు. నేను చీర పట్టుకుని లోపలికి వెళ్ళేను.