జబీవుల్లా కట్టిన ఆత్మకూరు బస్టాండు

ఆత్మకూరులో మా వీధి చివర మిద్దె గదిలో ఉండే జబీవుల్లా ఉదయగిరి మనిషి. ఆయన నాయన చెక్క గరిటెలు చెక్కేవాడు. ఈయన స్టీరింగు పట్టుకున్నాడు. ఉదయగిరిలో బయల్దేరి దుత్తలూరు మీదుగా ఆత్మకూరుకు, ఉద్యోగమంతా దాదాపు ఆ ఒక్క రోడ్డు మీదే బస్సు నడిపాడు. రిటైరు కాకముందే కళ్ళ పరీక్షలో ఆపేశారు. నీటికాసుల జబ్బు. మధ్యలో చూపు బాగానే ఉంటుంది, పక్కలే పోతాయి. పైపులోంచి చూసినట్టు ఉంటుందని ఒకసారి నాతో అన్నాడు. పోయింది తిరిగి రాదనీ, ఉన్నది కూడా నెమ్మదిగా మూసుకుపోతుందనీ నెల్లూరు డాక్టరు చెప్పి చుక్కల మందు రాసిచ్చాడు. బండి దిగిన మరుసటి ఏడు భార్య మస్తాన్బీ పోయింది. పిల్లలు లేరు.

అప్పటినుంచి ఆయన గదిలో కంప్యూటరు మోగుతూనే ఉండేది. ముసలాయన బస్సు ఆట ఆడుకుంటున్నాడని వీధిలో నవ్వుకున్నారు. సాయంత్రాలు పేపరు చదివి వినిపించడానికి వెళ్ళేవాణ్ణి కాబట్టి, అది ఆట ఒక్కటే కాదని నాకు తెలిసింది. ఆ ఆటలో మన రోడ్డు మనమే కట్టుకోవచ్చట. ఉదయగిరి కొండ, దాని కింద బస్టాండు, దుత్తలూరు దాటాక చింతచెట్లు, కల్వర్టు దగ్గర కుంగిన తారు, అన్నీ ఒక్కొక్కటిగా కట్టుకుంటూ వచ్చాడు. మలుపు గుర్తు లేకపోతే టికెట్టు కొని బస్సెక్కి, ముందు సీట్లో కూర్చుని ఫోనులో పట్టుకొచ్చేవాడు. పాత డ్రైవరని తెలిసినవాళ్ళు ఆ సీటు ఖాళీ చేసి ఇచ్చేవాళ్ళు. తెలియనివాళ్ళు విసుక్కునేవాళ్ళు.

ఆయన కోరిక ఒక్కటే. స్టీరింగు తిప్పగలిగినంత చూపు మిగిలి ఉండగానే, ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా ఒక్కసారి సాఫీగా నడిపి, తెర మీద కనిపించేదంతా వీడియోగా పట్టుకోవాలి. తర్వాత పెద్ద టీవీకి మొహం ఆనించి కూర్చున్నా సరే, ఆ రోడ్డు చూసుకోవచ్చు. అయితే మామూలు వీడియో ఆయనకు పనికిరాదు. సెకనుకు అరవై బొమ్మలంటే నా కంటికి నీళ్ళు పారినట్టే ఉంటుంది. ఆయన చూసే ఆ చిన్న సందులోంచి మాత్రం చెట్టు ఉన్నట్టుండి ఎగిరొచ్చి ఎగిరిపోతుందట, రోడ్డు అంచు చేజారుతుందట. నూట ఇరవై ఉంటేనే కన్ను దాన్ని వదలకుండా పట్టుకుంటుందని చెప్పేవాడు.

బజారులో కంప్యూటర్ల షాపు నడిపే శ్వేత వచ్చి కొత్త గ్రాఫిక్స్ కార్డు బిగించింది. కార్డు గీసిన బొమ్మల్ని వీడియోగా చుట్టడానికి దాంట్లో వేరే చిప్పు ఉంటుంది, ఇక ఇబ్బంది ఉండదని చెప్పి వెళ్ళింది. నిజంగానే ఉదయగిరి నుంచి చింతచెట్ల దాకా నూనె పోసినట్టు వచ్చింది. ఆత్మకూరు బస్టాండులోకి తిరగ్గానే వీడియో కుంటింది. బస్సు ఒక అడుగు వేస్తుంది, నిలబడుతుంది, మూడడుగులు దూకుతుంది. జబీవుల్లా మళ్ళీ ఉదయగిరికి వెళ్ళి మొదటినుంచి నడిపాడు. మళ్ళీ అక్కడే.

పాత డిస్కు రాసుకోలేకపోతున్నదేమోనని శ్వేత కొత్తది వేసింది. మార్పు లేదు. వేడెక్కుతున్నదేమోనని కంప్యూటరు డబ్బా మూత తీసి ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టారు. గది చల్లబడింది గాని వీడియో కుంటుతూనే ఉంది. నాణ్యత తగ్గిస్తే బొమ్మ మసకేసింది, దూకుడు మాత్రం పోలేదు. ఇంకా పెద్ద కార్డు వేద్దామంటే, ఈ డబ్బా కరెంటు దానికి చాలదంది. ఈలోగా చలికాలం వచ్చింది. ఎడమ కంటి సందు ఇంకాస్త సన్నబడిందని ఆయన చుక్కలు వేసుకుంటూ, వేరెవరి సంగతో చెబుతున్నట్టు చెప్పాడు.

ఒక ఆదివారం పొద్దున శ్వేత ఆయన్ని బస్సు నడపమని చెప్పి, తను పక్కన కూర్చుని కార్డులో ఏ భాగం ఎంత పని చేస్తున్నదో చూసింది. నేను మంచం మీద కూర్చుని ఉన్నాను. బస్టాండు రాగానే ఆమె నవ్వింది.

"ఇన్నాళ్ళూ చుట్టేవాణ్ణి తిట్టుకున్నాం మామా. వాడు చేతులు కట్టుకోని కూర్చోనుండాడు. బొమ్మలు గీసేవాడే ఊపిరాడక చస్తా ఉండాడు. వాడు గీసిస్తే గదా వీడు చుట్టేది. నీ బస్టాండులో జనం ఎక్కువైపోయినారు."

"మా డిపో మేనేజరు గూడా ఇదే మాట అనేవాడు" అన్నాడు జబీవుల్లా.

అప్పుడు ఆమె తెరను దగ్గరికి జరిపి, ఆ జనాన్ని ఒక్కొక్కరిగా చూసింది. మామూలుగా ఇలాంటి ఆటల్లో నాలుగైదు రకాల మనుషుల్ని చేసి, వాళ్ళనే అక్కడా ఇక్కడా నిలబెడతారట. అలా చేస్తే కార్డుకు బరువుండదు. ఈయన ఆ బస్టాండులో తను రోజూ చూసినవాళ్ళను ఎవరికి వారిని వేరుగా చేశాడు. సంచిలోంచి తోక బయటపడ్డ ఎండు చేపలతో మాలకొండమ్మ. గొడుగును భుజాన తగిలించుకున్న పోలేరయ్య. వరికుంటపాడు వెళ్ళాల్సినవాళ్ళు, కలువాయి బస్సు ఇంకా రాలేదని తిట్టుకునేవాళ్ళు. చీర అంచులు వేరు, చెప్పులు వేరు, నిలబడే తీరు వేరు. ఇంతమందిని విడివిడిగా గీయలేకనే కార్డు ఆగిపోతున్నది.

నాలుగు మొహాలే ఉంచి తిప్పి తిప్పి వాడుకుందాం, ఎవరికీ తెలియదు అంది శ్వేత. మాలకొండమ్మ మొహం ఇంకొకరికి పెడితే ఆమె ఊరుకుంటుందా అన్నాడు ఆయన. నవ్వుతూనే అన్నాడు గాని ఒప్పుకోలేదు. పరాయి మొహాలు నిలబెట్టేకంటే అసలు లేకపోవడమే నయమని కాసేపటికి తనే అన్నాడు.

తీసే పని ఆయనే చేశాడు. ముందు దూరంగా ఉన్నవాళ్ళు పోయారు, తర్వాత టీ బంకు దగ్గరివాళ్ళు, తర్వాత పోలేరయ్య. ఒక్కొక్కరిని తీసేముందు ఫలానా అని నాకు చెప్పాడు. చివరికి సిమెంటు బెంచీ మీద ఒక్క ఆడమనిషి మిగిలింది. ఒళ్ళో క్యారియరు, తలమీద ముసుగు. చెప్పకుండానే తెలిసింది. మధ్యాహ్నం ట్రిప్పుకు మస్తాన్బీ అన్నం తెచ్చి అక్కడే కూర్చునేది. బస్సు ఆలస్యమైతే క్యారియరును కొంగుతో చుట్టి పట్టుకునేదని వీధిలో ఇప్పటికీ అంటారు.

శ్వేత కూడా గుర్తుపట్టింది. గొంతు తగ్గించి, "ఒక్కరుంటే ఏం కాదు మామా. కార్డు మోస్తుంది. అత్తను ఉండనీ" అంది.

ఆయన చాలాసేపు తెరకు దగ్గరగా వంగి చూశాడు. మొహం చూసి చేతులు చూడాలంటే తల తిప్పాల్సి వస్తున్నది.

"అంత పెద్ద బస్టాండులో దాన్ని ఒక్కదాన్నే ఎట్ట కూర్చోబెట్టేదమ్మా" అని, తీసేశాడు.

మర్నాడు పొద్దున్నే, కరెంటు నిలకడగా ఉండే వేళ, ఉదయగిరిలో బయల్దేరాడు. శ్వేత, నేను వెనక నిలబడ్డాం. కొండ వెనక్కి జరిగింది. దుత్తలూరు దాటింది, చింతచెట్లు ఒకదాని వెంట ఒకటి చూపులోకొచ్చి మెల్లగా తప్పుకున్నాయి. ఆత్మకూరు మలుపు తిరిగింది. ఎక్కడా కుంటలేదు. నున్నటి సిమెంటు నేల, ఖాళీ బెంచీలు, నీడలు. బస్సును ప్లాటుఫారానికి ఆనించి తలుపు తెరిచాడు. ఒక్క బొమ్మ కూడా జారలేదని శ్వేత చూసి చెప్పింది. ఆయన తలూపి, ఆమెకు టీ పెట్టడానికి లేచాడు.

ఇప్పుడు ఆయన బస్సు ఆట ఆడడు, అంత చూపు లేదు. సాయంత్రం నేను పేపరు మడిచాక టీవీలో ఆ వీడియో పెట్టమంటాడు. స్టూలు దగ్గరికి లాక్కుని, ఉదయగిరి కొండ నుంచి చూస్తాడు. ఆత్మకూరు పొలిమేర ఇళ్ళు కనబడగానే రిమోటు కోసం చెయ్యి చాస్తాడు. నేను అందిస్తాను. మలుపుకు ముందే ఆపేస్తాడు.