ఆకాశపు రాయిని ముట్టుకున్న చెయ్యి

నలభై ఏళ్లుగా నాలో కుక్కుకున్న మాట ఇది. మా ఆవిడకి కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను. ఇవాళ చెప్పకపోతే ఇంకెప్పటికీ చెప్పలేను.

ఎనభైల మొదట్లో కువైట్‌లో ఒక పరిశోధన సంస్థకి డ్రైవర్ని. మాది అమలాపురం పక్కన. ఈజిప్టు డాక్టరమ్మ ఒకావిడని జీపులో ఎడారికి తీసుకెళ్లేవాణ్ణి. ఆకాశం నుంచి పడ్డ రాళ్ల కోసం వెతికేవారావిడ. భూమి అవతల ప్రాణం ఉందా, కనీసం ప్రాణానికి కావలసిన పదార్థాలున్నాయా అని ఆ రాళ్లని పరీక్షించేవారు. చేత్తో ముట్టకు, చెమట తగిలినా పరీక్ష పాడైపోతుందని ఎన్నిసార్లు చెప్పారో.

ఓ మధ్యాహ్నం ఆవిడ దిబ్బకి అవతల ఉన్నారు. నా కాళ్ల దగ్గరే కనబడింది. నల్లగా, కోడిగుడ్డంత. చేతిలోకి తీసుకున్నాను. ఎందుకు? ఎక్కడినుంచో వచ్చినదాన్ని ఒక్కసారి పట్టుకు చూడాలనిపించిందా, లేక ఏళ్లతరబడి చెప్పినట్టల్లా చేసి విసుగెత్తి వద్దన్న పనే చెయ్యాలనిపించిందా? తెలియదు. ఆవిడ వస్తుంటే ఇసుకలో పెట్టేసి, అప్పుడే చూసినట్టు కేకేశాను. ఆవిడ పటకారుతో ఎత్తి రేకులో చుట్టారు. కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

పరీక్షలో ఆ పదార్థాలు దొరికాయి. సంబరం వారం రోజులే. అవి మనిషి చెమటలోవని తేలింది. ముట్టుకున్నావా అని అడిగారు. లేదన్నాను.

నేరం ఓబులేసు మీద పడింది. లాబ్‌లో ఆ రేకు విప్పినవాడు. కడప మనిషి, కువైట్‌లోనే హవల్లీ అనే పేటలో నా గదిలోనే ఉండేవాడు. ఇఖామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే అనుమతి, రద్దు చేసి ఇంటికి పంపేశారు. ఎయిర్‌పోర్టుకి నేనే దింపాను.

"అన్నా, నేను గ్లోవ్స్ తీయలే. నువ్వన్నా నమ్ముతాండావా?"

"నమ్ముతున్నానురా."

నమ్మడమేమిటి? నాకు తెలుసు.

ఉద్యోగం పోతే పిల్లల చదువులేమవుతాయని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. చదువులెప్పుడో అయిపోయాయి. మరి ఆ తర్వాతెందుకు చెప్పలేదు?

డాక్టరమ్మ ఎక్కడున్నారో తెలియలేదు. ఓబులేసు రాజంపేట దగ్గర ఉన్నాడని కనుక్కున్నాను. రేపు బస్సెక్కుతున్నాను. తిట్టినా, మొహం మీదే తలుపేసినా చెప్పే వస్తాను. క్షమించమని మాత్రం అడగను. ఆ హక్కు నాకు లేదు.

ముట్టుకున్నది నేనే. ఈ మాట కాగితం మీద పెట్టడం ఇదే మొదలు. కాస్త ఊపిరాడుతోంది.