పడుకున్న మనిషికి వేసిన లెక్క

పిన్ని ఎడమకాలు వాస్తోందని నాకు ఆవిడ చెప్పులు చూశాక తెలిసింది. గుమ్మం పక్కన విడిచిన జతలో కుడిది మామూలుగానే ఉంది. ఎడమదాని పట్టీ తెగ్గోసి, మధ్యలో గుడ్డముక్క వేసి వదులుగా కుట్టుకుంది.

పిన్ని అంటే నేను అద్దెకుండే ఇంటావిడ. కింద భాగంలో ఆవిడ, బాబాయి ఉండేవారు. పిల్లలిద్దరికీ పెళ్లిళ్లయి వేరే ఊళ్లలో ఉన్నారు. బాబాయి పిడుగురాళ్ల నుంచి సున్నం లారీ నడిపేవాడు. పిన్ని ముందుగదిలో మిషను మీద జాకెట్లు, పంజాబీ డ్రస్సులు కుట్టేది. వాళ్లింట్లో మాట్లాడుకునేది ఉర్దూ అయినా నాతో అంతా తెలుగే. నేను నరసరావుపేటలోనే ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూ, పీహెచ్‌డీ చేస్తూ, ఆ మేడమీది గదిలో నాలుగేళ్లు ఉన్నాను.

నేను పరిశోధన చేస్తున్నది నలిగిన సిరల మీద. నడుము లోపల, వెన్నెముక ముందు, కుడికాలికి రక్తం తీసుకెళ్లే ధమని ఎడమకాలి నుంచి వచ్చే సిర మీదుగా అడ్డంగా పోతుంది. కొందరిలో అది సిరను వెన్నెముకకేసి అదిమేస్తుంది. మా గురజాల వైపు పొలాల్లో నీళ్ల పైపు మీద ట్రాక్టరు టైరెక్కితే ఏమవుతుందో చూస్తూ పెరిగినదాన్ని కాబట్టి ఆ సంగతి నాకు తేలిగ్గా పట్టుబడింది. స్కాన్ బొమ్మల నుంచి సిర ఆకారాన్ని కంప్యూటర్లో కట్టి, దాన్ని లక్షల ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో రక్తం ఎంత వేగంగా పోతోందో లెక్క కట్టించడం నా పని. వేగంగా పోయేచోట ఎరుపు కనిపిస్తుంది, మందగించిన చోట నీలం. నిలిచిన రక్తం గడ్డ కడుతుంది. అందుకే నా కళ్లు ఎప్పుడూ నీలాన్నే వెతుకుతుండేవి.

“ఆ కాలేంది పిన్నీ అట్లా ఉంది?” అన్నాను ఆ రోజు.

“ముప్పై ఏళ్లు తొక్కా మిషను. వాయకేం చేసిద్ది?” అంది తలెత్తకుండానే.

“రెండు కాళ్లతో తొక్కావుగా. ఎడమదే ఎందుకు వాచింది?”

ఆ మాటకు పిన్ని మిషను ఆపి తన కాళ్లవైపు చూసుకుంది. అంతవరకూ ఎవరూ అలా అడిగినట్టు లేరు.

అంతకు ఆర్నెల్ల ముందు పిన్నికి కడుపునొప్పి వస్తే గుంటూరులో స్కాన్ తీశారు. పిత్తాశయంలో రాళ్లుంటే ఆపరేషన్ చేశారు. ఆ స్కాన్ సీడీ ఇంకా బీరువా మీద కవర్లో ఉంది. నేను అడిగి పైకి తెచ్చుకున్నాను. రిపోర్టులో రాళ్ల సంగతి తప్ప మరేం లేదు. కానీ బొమ్మలు ఒక్కొక్కటే కిందికి జరుపుతూ పోతే నడుము దగ్గర నేను వెతికేది కనిపించింది. అక్కడ గుండ్రంగా ఉండాల్సిన సిర చింతాకంత పలచగా అణిగిపోయి ఉంది.

నిజం చెప్పాలి. అది చూడగానే భయం కంటే ముందు నాకు సంతోషం కలిగింది. అప్పటిదాకా ఎవరివో, ఎక్కడివో, పేరు చెరిపేసిన స్కాన్ల మీద పని చేశాను. ఇది మా ఇంట్లో మనిషిది. రోజూ చూస్తున్న కాలు. పీహెచ్‌డీలో ఒక అధ్యాయం దానంతటదే నడిచి వచ్చిందనుకున్నాను.

పిన్నితో మాత్రం, “నీ సిర ఒకటి నలిగినట్టుంది. గుంటూరులో రక్తనాళాల డాక్టరుంటాడు, చూపించుకోవాలి,” అన్నాను.

“ఇప్పుడెట్లా పోయేది? రంజాన్ వచ్చేస్తంది, బట్టలన్నీ కుప్పపడున్నయ్. నీ కంప్యూటరు పెట్టెలో ఏం కనపడిద్దో నువ్వే చూడు ముందు.”

నేను ఆ మాట పట్టుకున్నాను. “సరే, ఒక్క వారం ఆగు. లెక్క తేలాక వెళ్దాం,” అన్నాను. నేను డాక్టర్ని కాదు. ఆగమని చెప్పే అధికారం నాకెవరూ ఇవ్వలేదు.

ఆ వారంలోనే బాబాయి పిన్ని మిషనుకి మోటారు పెట్టించాడు. వాపు తొక్కడం వల్లేనని వీధి అంతా అన్నారు, ఆయనా అదే నమ్మాడు. “ఇంక కాలు కదిలించే పని లేదు, నొక్కితే చాలు,” అని నాకు చూపించి మురిసిపోయాడు. మంచి పని చేశావు బాబాయ్ అన్నాను. పొద్దున కూర్చుంటే పొద్దుగూకేదాకా పిన్ని లేచేది కాదు. మిర్చి కళ్లాల రోజులవి. టిక్కీల్లో కుక్కిన మిర్చితో లారీలు వీధిలో పోయినప్పుడల్లా ఘాటుకి ఆవిడ దగ్గేది. నేను మేడమీద కూర్చుని ఆ దగ్గు వింటూ ఆవిడ సిరలో లెక్కలు నడిపేదాన్ని.

శనివారం మధ్యాహ్నానికి ఫలితం వచ్చింది. నలిగిన చోటు దాటాక కాస్త నీలం ఉంది, అంతే. పీడనంలో తేడా కూడా తక్కువే. కిందికి దిగి, “పరవాలేదు పిన్నీ, అంత ప్రమాదంగా లేదు. పండగయ్యాక వెళ్దాం,” అన్నాను. ఆవిడ నవ్వి, కత్తిరించిన గుడ్డలు పక్కకు జరిపి నాకు చోటిచ్చింది. టీ తాగాం. ఎడమపాదం మీద చర్మం సాగి మెరుస్తోంది. చూశాను. లెక్కనే నమ్మాను.

మంగళవారం పొద్దున కాలేజీకి బయల్దేరుతుంటే కింద నుంచి పిలుపు వినిపించింది. గొంతు పిన్నిదే గానీ నా పేరు సగంలో ఆగిపోయింది. వెళ్లేసరికి మిషను ముందే కూర్చుని ఉంది. ఎడమకాలు తొడదాకా ఉబ్బి, వంకాయ రంగుకి తిరిగింది.

“లేవలేకపోతన్నా అమ్మాయ్. ఊపిరి ఆడటంలా,” అంది.

బాబాయి పిడుగురాళ్లలో లోడింగ్ దగ్గరున్నాడు. పక్కింటివాళ్ల సాయంతో ఆటో ఎక్కించాను. ఊళ్లో ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టి వెంటనే అంబులెన్సులో గుంటూరు పంపించారు. దారి పొడవునా పిన్ని నా మణికట్టు పట్టుకునే ఉంది. మాటలు తగ్గాయి, పట్టు మాత్రం వదల్లేదు.

సిరలో గడ్డ కట్టిందన్నారు. అందులో ఒక ముక్క తెగి ఊపిరితిత్తుల్లోకి వెళ్లిందన్నారు. నేను తెచ్చిన సీడీ పెట్టి చూసి డాక్టరు అడిగాడు: “ఇది ఆర్నెల్ల కిందటిది కదా. ఈ సిర సంగతి ఇంతవరకూ ఎవరూ చూడలేదా?”

“నేను చూశాను,” అన్నాను.

“చూసి?”

చెప్పాను. నా పరిశోధన, నీలం, వారం రోజులు, ఆవిడ మిషను పని, అన్నీ. ఆయన కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు.

“రక్తం ఎంత వస్తున్నట్టు పెట్టారు లెక్కలో?”

“పడుకుని ఉన్న ఆరోగ్యవంతుల కొలతలు పెట్టాను. స్కాన్ కూడా పడుకోబెట్టి తీసిందే.”

“అయితే పడుకున్న మనిషికి మీ లెక్క సరైందే కావచ్చు,” అని ఆయన సీడీ తీసి నా చేతికిచ్చాడు. “ఆవిడ పొద్దంతా కూర్చుంటుంది కదా. పిక్క కదిలితేనే కాళ్లలో రక్తం పైకి ఎక్కుతుంది.”

నాకు ఆ మోటారు కళ్లముందు తిరిగింది. తొక్కినన్నాళ్లూ ఆ తొక్కుడే ఆవిడ రక్తాన్ని పైకి తోసింది.

నాలుగు రోజులు ఏమీ చెప్పలేమన్నారు. బాబాయి ఆసుపత్రి మెట్ల మీద సున్నం అంటిన చొక్కాతోనే కూర్చుని ఉండేవాడు. ఐదో రోజు ప్రమాదం తప్పిందన్నారు. తర్వాత గడ్డ తీసి, సిర మళ్లీ అణగకుండా లోపల స్టెంట్ వేశారు. పిన్ని బతికింది. కాలు మాత్రం మునుపటిలా కాలేదు. బిగుతు మేజోడు లేకుండా గడప దాటలేదు, రక్తం పలచబడే మాత్రలు మానడానికి లేదు.

ఇంటికొచ్చాక ఆవిడకి అంతా చెప్పేశాను. వారం ఆపింది నేనేనన్నాను.

“నువ్వు ఆపకపోతే మాత్రం గుంటూరు పోయేదాన్నా? పండగ బట్టలు ఎవరు కుడతారే?” అంది. మరుక్షణం మొహం తిప్పుకుంది. “కానీ నువ్వు పరవాలేదన్నాక ఆ మూడు రాత్రులు చానా హాయిగా నిద్రపోయా.”

ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు.

లెక్క మళ్లీ వేశాను. కూర్చున్న మనిషికి, కాలు కదలని మనిషికి. ఈసారి సిర మొత్తం నీలమైపోయింది. మొదటి ఫలితం తీసేసి రెండోదే రాయమన్నారు మా గైడు. నేను రెండూ రాశాను, మొదటిదాన్ని నమ్మి నేనేం చెప్పానో కూడా రాశాను. ఆ పేరా ఆయన కొట్టేశారు.

బాబాయి చాన్నాళ్లు నాతో మాట్లాడలేదు. ఒక సాయంత్రం మెట్ల దగ్గర ఎదురుపడి ఆగాడు.

“ముందే కనపడిందా ఆ పెట్టెలో?” అనడిగాడు.

“సిర నలిగింది కనపడింది బాబాయ్.”

తలూపాడు. ఇంకేదో అడుగుతాడని నిలబడ్డాను. లోపలికెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. ఖాళీ చెయ్యమని వాళ్లెవరూ అనలేదు. సెలవుల్లో నేనే వేరే గది చూసుకున్నాను.